గరిఫాలియాకి రెండు పాదాలు

మనిషి పోయిన నలభయ్యో రోజు, పొద్దు గుంకేలోపు ఇంటివాళ్లు ఆ మనిషి మీద రెండు పాదాల పద్యం కట్టి చెప్పాలి. గ్రీసు దేశపు క్రీట్ దీవి కొండల్లోని ఆ ఊళ్లో అది తప్పనిసరి. భార్య గరిఫాలియా పోయి ఆ రోజుకి నలభై రోజులు; ఆమె సమాధి దగ్గర ఊరి కవి ఖరిదిమోస్ పెదవి విప్పలేదు. కాఫీ కొట్టు అరుగెక్కాక మాత్రం అతని నోరు మూత పడలేదు. లీరా అనే తీగల వాద్యం వాయించే బావమరిది సిఫిస్ పక్కనే కూర్చుని, చావుకి ఆనవాయితీగా ఇచ్చే చక్కెర లేని కాఫీ ముట్టకుండా, అక్క కోసం ఆ రెండు పాదాలకి కాచుకుని ఉన్నాడు.

"నాకు కవిత్వం ఊరికే అబ్బిందనుకున్నారా?" అన్నాడు ఖరిదిమోస్. " ఇరవయ్యో ఏట మిట్టమధ్యాహ్నం నాలుగు దారుల కూడలికి పోయి, నల్లపిడి కత్తితో చుట్టూ గీత గీసుకుని మధ్యలో కూచున్నా. కొండ దేవకన్యలొచ్చి వేలు కోసిస్తే పాట ఇస్తామన్నారు. గోరిచ్చి సరిపెట్టా."

"గోరుకే ఒప్పుకున్నారా?" అన్నాడు కొట్టు యజమాని.

"బేరం తెలీదు పాపం వాళ్లకి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన కొండ కింద పూడ్చిన పాత దేవుడు జియస్ ఉన్నాడే, ఆయన లేచొచ్చి, నాయనా, చచ్చాక నాకు మాట పడిపోయింది, జనం నన్ను తలుచుకోడానికి ఒక్క పాదం కట్టిపెట్టు అని నా కాళ్లట్టుకున్నాడు, సరే అని చెప్పానా, అది పైదాకా వినపడి పునీతులందరూ దిగొచ్చారు, పైన మాటల కరువట, దేవుడు వెలుగుని పిలవబోయి దాని పేరు మర్చిపోయి మూడ్రోజులు చీకట్లో కూచున్నాడట, మనుషులకి తామెవరో గుర్తు లేదు, మేకలు అరవడం మానేశాయి, నేను గీత దాటకుండానే ఒక్క ద్విపద విసిరా, అప్పుడు తెల్లారింది."

ఎవరూ నవ్వలేదు. సిఫిస్‌కి కోపం, దుఃఖం ఒక్కసారే వచ్చాయి.

"దేవుడికిచ్చావు గదా బావా. మా అక్కకీ రెండు పాదాలు చెప్పు. పొద్దు పోతోంది."

"అక్కడికే వస్తున్నానురా. ఆ తర్వాత ఏమైందో..."

"ముప్పై ఏళ్లు నీ పక్కన లీరా వాయించాను. పాదం అందకపోతే నీ కళ్లు ఎదురుగా ఉన్న మీ ఇంటి కిటికీ మీదికి పోయేవి. అవతల అక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా మిగతా పాదం అందించేది. ఊరందరికీ తెలుసు. అక్కకి ఇష్టమని ఊరుకున్నాం."

ఖరిదిమోస్ కిటికీ వైపు చూశాడు. తలుపులు మూసున్నాయి. పొద్దు కొండ దిగిపోయింది.

"నలభై రోజుల్నించీ కట్టాలని చూస్తున్నానురా సిఫీ," అన్నాడు చివరికి. "తన మీద చెప్పాలన్నా, తనే అందించాలి."