ఎర్ర పెన్సిలు పడని ఉత్తరం

1971 సెప్టెంబరు ఏడవ తేదీ మంగళవారం ఉదయం, శ్రీ ఎల్డ్రెడ్ న్యూకర్క్ గారు నెబ్రాస్కాలోని మన ఉత్తరాల బైబిలు పాఠశాలలో ప్రశ్నోత్తర విభాగ సహాయకులుగా బాధ్యతలు స్వీకరించారు. అప్పుడు వారికి ఇరవై నాలుగేళ్ళు. దానియేలు, ప్రకటన గ్రంథాల మీద దేశం నలుమూలల నుంచి వచ్చే సందేహాలకు సమాధానం రాయడం వారి పని. ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేసేవరకు, నలభై మూడేళ్ళ పాటు, అదే బల్ల వద్ద, అదే కిటికీ పక్కన, ఆ ఒక్క పనినే వారు నిష్ఠతో నిర్వర్తించారు.

మృగం అంటే రాజ్యం, కొమ్ము అంటే రాజు, సముద్రం అంటే జనసమూహాలు అని మనలో ప్రతివారికీ కంఠస్థమే. న్యూకర్క్ గారి విశిష్టత ఆ అర్థాలు తెలిసి ఉండటంలో లేదు, వాటిని ఎవరికి ఎంత చెప్పాలో తెలిసి ఉండటంలో ఉంది. పొరుగాయన టెలిఫోను నంబరులోని అంకెలను ఏదో లెక్కన కలిపితే మృగం సంఖ్య ఆరు వందల అరవై ఆరు వస్తోందని కాన్సస్ నుంచి ఒకావిడ భయపడుతూ రాశారు. న్యూకర్క్ గారి జవాబు ఇప్పటికీ కార్యాలయంలో అందరికీ నోటికి వచ్చు: "ముందు ఆయనింటికి ఒక కేకు పట్టుకెళ్ళండి. తిన్నాక కూడా మృగంలాగే కనిపిస్తే మళ్ళీ రాయండి." ఆవిడ మళ్ళీ రాయలేదు.

1973లో వారు మన ప్రూఫ్ రీడర్ మావిస్ గారిని వివాహమాడారు. ఈ పాఠశాల నుంచి బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరం ఆవిడ బల్ల మీదుగానే వెళ్ళాలి, చివర ఆవిడ పొడి అక్షరాలు ఉండాలి. ఆవిడ ఎర్ర పెన్సిలుకు డైరెక్టరు గారైనా ఒకటే, భర్త అయినా ఒకటే. ముఖ్యంగా న్యూకర్క్ గారి ఉత్తరాల్లో ప్రవచన కాలాల తేదీలు తరచు తప్పేవి. "ఎల్డ్రెడ్, నెబుకద్నెజరును పదేళ్ళు ముందే చంపేశావు. పాపం, ఆయన్నింకా బతకనీ!" అని హాలు అవతలి నుంచి ఆవిడ కేక వేస్తే అందరం నవ్వేవాళ్ళం.

వారికి పిల్లలు లేరు. కారణం మా తరంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కారు. అంత్యదినాల్లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కష్టకాలమని ప్రభువు పలికిన మాట ఉంది. అంతం గుమ్మంలో ఉందని గట్టిగా నమ్మిన రోజులవి. ప్రతి కొమ్మునూ, ప్రతి ముద్రనూ సంకేతంగా చదివిన ఆ యువకుడు, ఆ ఒక్క మాటను మాత్రం తన ఇంటికి వచ్చిన ఆజ్ఞగా చదివారు. మావిస్ గారు ఆయన మాటకు తలవంచారు. ఏళ్ళు గడిచాయి, లోకం అలాగే ఉంది.

1992 మార్చిలో కెనడాలోని సస్కాచువాన్ నుంచి ఒక యువ దంపతుల ఉత్తరం వచ్చింది. ఆమెకు మూడో నెల. ఈ కాలంలో బిడ్డను కనడం పాపమా అని అడిగారు. నేనప్పటికి ఆరేళ్ళుగా టపా విభాగంలో ఉన్నాను, ఆ కవరు విప్పింది నేనే. సాధారణంగా గంటలో జవాబు రాసే న్యూకర్క్ గారు మూడు రోజులు దాన్ని బల్ల మీదే ఉంచుకున్నారు. అబద్ధం రాయడానికి మనసు ఒప్పదు. నిజం రాస్తే, దాన్ని మొదట చదివేది మావిస్ గారు. నాలుగో రోజు ఆయన రాసింది ఇదీ: "ప్రభువు ఆ తల్లుల మీద జాలిపడి ఆ మాట అన్నాడు, తల్లులు కావద్దని అనలేదు. ఒకప్పుడు నేను దాన్ని తప్పుగా చదివాను. ఊయల కొనుక్కోండి."

దాన్ని మావిస్ గారి ట్రేలో పెట్టింది కూడా నేనే. మర్నాడు ఉత్తరం తిరిగి వచ్చింది. చివర పొడి అక్షరాలు ఉన్నాయి. ఎర్ర గీత ఒక్కటీ లేదు. నాకు తెలిసి ఆ పెన్సిలు తాకకుండా వెళ్ళిన ఉత్తరం అదొక్కటే. అక్టోబరులో ఊయలలో ఉన్న పాప ఫోటో వచ్చింది. మావిస్ గారు దాన్ని తమ బల్ల పైన గోడకు గుచ్చి పెట్టుకున్నారు. భార్యాభర్తలిద్దరూ రోజూ దాన్ని చూశారు. దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు.

2003లో మావిస్ గారు ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుంచి న్యూకర్క్ గారు మధ్యాహ్న భోజనం బోధన పటాలు ఉంచే గదిలో, పాత గుడారపు సభల నాటి, దానియేలు చూసిన నాలుగు మృగాల బొమ్మలున్న కాన్వాసు ఎదుట, ఒంటరిగా చేసేవారు. రమ్మని పిలిస్తే, "వీళ్ళతో నాకు అలవాటైపోయింది" అని నవ్వేసేవారు. ఆ నవ్వు చూస్తే నాకు కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. సాయంత్రాలు వారింటికి వెళ్ళి తలుపు తట్టినా తీసేవారు కారు.

పోయిన వారం ఆ కాన్వాసును చుట్టడానికి నన్ను సాయం పిలిచారు. చుడుతూ, నా వంక చూడకుండా అడిగారు.

"వెర్నా, ఆ సస్కాచువాన్ ఉత్తరం... నువ్వేగా తీసుకెళ్ళి ఇచ్చింది. మావిస్ ఏమైనా అందా?"

ఆ ప్రశ్న కోసం నేను ఇరవై రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు మావిస్ గారు నన్ను ఆపి, తలుపు వేయమని, ఒక మాట అన్నారు. "ఆయన అడిగితేనే చెప్పు. అడక్కపోతే వద్దు" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

"అన్నారు. 'ఇందులో దిద్దడానికేం లేదు వెర్నా. పంతొమ్మిదేళ్ళ ముందు రాసుంటే బాగుండేది. అయినా రాశాడు కదా, చాలు' అన్నారు. చాలాసేపు ఏడ్చారు. తర్వాత లేచి పొడి అక్షరాలు వేశారు."

న్యూకర్క్ గారు చుట్టిన కాన్వాసు మీద చేయి వేశారు. అన్నారు:

"ఎప్పుడూ అంతే. నన్ను తేదీల దగ్గరే పట్టుకునేది."

ఇది మన పత్రిక వీడ్కోలు సంచికలో రాయవచ్చా అని అడిగాను. "రాయి. ఇంకెవరి కోసం దాస్తాం?" అన్నారు.

సెలవు తీసుకునే వారికి దీర్ఘాయుష్షు కోరే అలవాటు మనలో తక్కువ. ఆ లోపే ప్రభువు వస్తాడని మన ఆశ. ఆ ఆశ నాకూ ఉంది. అయినా, ఇప్పటికీ రెండు కుర్చీలు వేసి ఉన్న తమ ఇంటి వంటగదిలో న్యూకర్క్ గారు ఆయురారోగ్యాలతో ఇంకా చాలా ఏళ్ళు ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. వారి ఇంటికి మా ఇల్లు రెండో గుమ్మం. ఈ గురువారం సాయంత్రం కేకు పట్టుకుని వస్తున్నాను, ఇకపై ప్రతి గురువారమూ వస్తాను. ఈసారి తలుపు తీయండి, బ్రదర్ ఎల్డ్రెడ్.