రెండే బొగ్గులు

ప్రొద్దుటూరు కంసాలి ఇంట్లో అత్త కుంపటి ముందు కూర్చుని ఉంది. మద్రాసులో పరిశోధన ఉద్యోగానికి రమ్మన్న ఉత్తరం కోడలి చేతిలో ఉంది. అత్త సరేనంటేనే ప్రయాణం.

“ఆడ నీ పనేందే?”

“సూర్యునిలో ఉండే మంటలాంటిది పుట్టించడం అత్తా. ప్లాస్మా అంటారు. రష్యావాళ్లు చేస్తాండారు.”

“అంత వేడికి బంగారం కరిగించే ఏ మూస తట్టుకుంటాదే?”

“ఏదీ తట్టుకోదు. అందుకే గోడకు తగలకుండా అయస్కాంతాలతో నడుమ నిలబెడతారు.”

“మరి బొగ్గులు?”

“హైడ్రోజన్ గ్యాసే దానికి మేత. కొంచెం కొంచెంగా వదలాల.”

“ఒక్కసారే వదిల్తే?”

“చల్లబడి, గోడకు తగిలి ఆరిపోతాది.”

అత్త పకపకా నవ్వింది. “కాపరానికొచ్చిన కొత్తలో గంపెడు బొగ్గులు కుమ్మరించి నా కుంపటి ఆర్పినావు. కరిగే బంగారం గడ్డకట్టిపాయె. నీ చేతికి సూర్యున్ని ఎవరిస్తారే?”

“ఆ పొద్దు నువ్వు తిట్టిన తిట్లు మర్చిపోలేదులే అత్తా. మల్లా ఆర్పను.”

“అట్లయితే ఇంద, ఊదుగొట్టం. ఈ ఉంగరం కరిగించు. కరిగితే పోదువు.”

కోడలు ఉంగరం మూసలో వేసి, రెండే బొగ్గులు ఏరి కుంపట్లో నిప్పుల అంచున పెట్టింది. సన్నగా, ఆపకుండా ఊదింది. మూసలో ఉంగరం మెల్లగా జారి, బంగారం గుండ్రటి బొట్టై మెరిసింది.

“ఎర్రగుంట్ల టేషనుకు మద్రాసు రైలు ఎన్నింటికొస్తాదే?” అంది అత్త.