తుడిచిన నంబర్లు

"ముట్టుకుని చూడు బుజ్జీ. ఎక్కడైనా రంగు లేచిందా? ఒక్క గీతైనా పడిందా?"

పాత కార్ల సామాను అమ్మే రేకుల షెడ్డులో, గోడవారగా నిలబెట్టిన తలుపుల ముందు ఉన్నారు తల్లీ కూతురూ. కూతురు ఉదయమనగా పని మీద బయటికెళ్ళి ఇప్పుడే వచ్చింది. ఆమె చేతిలో రిజిస్టరు, తల్లి చేతిలో నల్లబడిన దూది.

"అమ్మా... ఏం చేశావమ్మా ఇది?"

"నిన్నొచ్చినాయన ఏమన్నాడు? తలుపు నిండా ఈ పిచ్చిరాతలేంటి, ఇవి పోవు, నాకొద్దు అని పోలేదూ? అందుకని. గోకలేదు, బ్లేడు పెట్టలేదు. ముందు అడుగున కనపడని చోట ఒక చుక్క వేసి చూశా. స్పిరిట్టు దూది మీదే పోశా, రంగు మీద కాదు. ఒత్తకుండా అద్ది అద్ది తీశా. వెంటనే సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. అద్దంలా లేదూ?"

"అన్నీనా?"

"అన్నీ."

"అన్నీ అంటే? బంపర్లు కూడానా?"

"బంపర్లు, డిక్కీ మూతలు, తలుపులు, అన్నీ. ముప్పై ఎనిమిది. నడుం పడిపోయిందనుకో."

"రంగు పోయినా బాగుండేదమ్మా. రంగు పోతే మళ్ళీ వేయించుకుంటాం."

"అదేం మాటే?"

"అవి పిచ్చిరాతలు కావు. ఏ ముక్క ఏ కారులోంచి తీశామో ఆ కారు నంబరు. అమ్ముడుపోయాక, కాగితం రాసిచ్చాక, అప్పుడు తుడవాలి. నాలుగింటికి పోలీసులు తనిఖీకొస్తున్నారు. నంబరు లేని ముక్క కనిపిస్తే దొంగసొత్తే అంటారు. షెడ్డుకి సీలేస్తారు. నన్ను తీసుకుపోతారు."

"తీసుకుపోతారా? నిన్నా? ఎక్కడికి? అయ్యో, పొద్దుట్నుంచీ ఒకటే దడగా ఉంది. ఏదో అవుతుందనుకుంటూనే ఉన్నా."

"నీకు దడ లేని రోజు ఎప్పుడు చెప్పు? నేను పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేస్తావు. నిజంగా భయపడాల్సిన చోట మాత్రం దూది పట్టుకు కూర్చున్నావు!"

"పుస్తకంలో రాసుకున్నావుగా?"

"ఏ కారుకి ఎన్ని ముక్కలో రాశా. ఈ ఐదు తెల్ల తలుపుల్లో ఏది ఏ కారుదో ఎవరు చెప్తారు? వాళ్ళ దగ్గర ప్రతి కారుకీ ఫోటోలున్నాయి. ఏ సొట్ట ఎక్కడుందో చూసి మరీ సరిపోలుస్తారు. తప్పు రాశానా, అది ఇంకా అన్యాయం."

"నువ్వూ ఫోటోలు తీసుకోవాల్సింది."

"సొంత తల్లే తుడిచేస్తుందని కలగన్నానా?"

"ఏడవకే. ఏడవకు. ఆ నంబర్లు రాసే పెన్ను తీ."

"ఏం రాయమంటావు? నా తలరాతా?"

"ఆ చివరి తెల్ల తలుపు. నలభై ఒకటి, డెబ్భై రెండు."

"ఏంటీ?"

"రాయి. దాని పక్కది అరవై, సున్నా ఐదు. ఆ తర్వాతది మళ్ళీ నలభై ఒకటి, డెబ్భై రెండు. రెండూ ఒక కారువే."

"నోటికొచ్చిన అంకెలు చెప్పకమ్మా."

"పుస్తకంలో ఉన్నాయో లేవో చూడు."

"నలభై ఒకటి... ఉంది. తలుపులు రెండు. ఉంది! అరవై, సున్నా ఐదు... అమ్మా, ఇదీ ఉంది!"

"ఆ పేజీ ఎందుకు గబుక్కున తిప్పేశావు?"

"అందులో ఏం లేదు. చెప్పు, తర్వాతది చెప్పు. ఈ ఎర్ర డిక్కీ?"

"ముప్పై మూడు, తొంభై. టైమెంతయింది?"

"మూడుంపావు. బూడిద రంగు బంపరు?"

"ఎనభై ఎనిమిది, పధ్నాలుగు. పక్కదీ అదే. గుండ్రంగా రాయి, నీ రాత మామూలుగా లేదు."

"కంగారులో అలాగే వస్తుందమ్మా. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు, ఇవన్నీ ఎలా గుర్తున్నాయి నీకు?"

"ఒక్కోటీ చదివాకే తుడిచాను."

"చదివితే గుర్తుండిపోతుందా?"

"నీలాగా గడగడా చదివేవాళ్ళకి ఉండదేమో. కూడబలుక్కుని చదివేదాన్ని, నాకుంటుంది. ఆకుపచ్చ తలుపు, యాభై, ఇరవై ఏడు."

"తుడిచేదానికి చదవడం ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికేనా?"

"రాయవే ముందు. రోజూ ఈ షెడ్డుకి ఎందుకొస్తున్నాననుకున్నావు?"

"నాకు అన్నం తేవడానికి."

"అన్నం డబ్బా నువ్వు తెచ్చుకోలేవా? మీ అన్నయ్య ఆ నీలం కారేసుకుని పోయి ఎన్నాళ్ళయింది?"

"...ఎనిమిది నెలలు."

"ఒక ఫోను లేదు, కబురు లేదు. ఎంత పెద్ద కారైనా చివరికి మనలాంటి షెడ్డుకే వస్తుందని నువ్వే అన్నావు ఒకసారి, నవ్వుతూ. ఆ రోజు నుంచి ఏ ముక్క వచ్చినా నంబరు చదువుతున్నా. వాడి కారు నంబరు పదహారు, సున్నా తొమ్మిది. మొదటి అంకె ఒకటని కనిపిస్తే చాలు, తర్వాతది చూడ్డానికి భయమేసేది. తర్వాతది వేరేదైతే ఊపిరొచ్చేది."

"అనవసరంగా చెడే ఊహించుకుంటావు. అన్నయ్య ఎక్కడో హాయిగానే ఉండుంటాడు."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. అనుకుంటున్నా. అటెళ్ళకు! ఆ టార్పాలిన్ దగ్గర గాజు పెంకులున్నాయి. కాళ్ళలో దిగుతాయి."

"వెళ్ళట్లేదులే. ఈ బంపరు ఇరవై రెండు, అరవై ఎనిమిది. ఎన్నయ్యాయి?"

"ఇరవై తొమ్మిది. త్వరగా చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది."

"చెప్తున్నా. ఆ మూల నల్ల తలుపు..."

"చెప్పు."

"ఆగు. తొంభై ఒకటా, తొంభై ఏడా... ఆ ఏడు మీద అడ్డంగా గీత ఉంది. తొంభై ఏడు, నలభై. అవును. అదే."

"చూస్తానుండు... తొంభై ఏడు, నలభై, నల్ల కారు. ఉంది. బతికించావు."

"ముందు చంపిందీ నేనేగా."

"అలా అనకు. ఇంకో ఎనిమిదే. చెప్పు."

తల్లి చెబుతూ ఉంది, కూతురు రాస్తూ ఉంది.

"ముప్పై ఎనిమిది! అయిపోయింది. అమ్మా, అయిపోయింది! ఇంకా ఐదు నిమిషాలున్నాయి. కూర్చో, మంచినీళ్ళు తాగు. ముఖం చూడు ఎలా పాలిపోయిందో."

"ముప్పై తొమ్మిది."

"ముప్పై ఎనిమిదేనమ్మా. లెక్క సరిపోయింది."

"టార్పాలిన్ కింద బానెట్ ఉంది. పొద్దున తుడుస్తూ ఎత్తి చూశా."

"అదా... అది మనది కాదు. వేరేవాళ్ళది. తిరిగి పంపేది."

"దాని మీద నంబరు లేదు."

"నువ్వే తుడిచుంటావు. మర్చిపోయావు."

"నేను తుడిస్తే రంగు లేవదు బుజ్జీ. అది ఎవరో థిన్నర్ పోసి బరబరా రుద్దారు. నీలం లేచిపోయి కింద తెలుపు బయటపడింది. కంగారు కంగారుగా తుడిచినట్టుంది. అంత రుద్దినా చివరి రెండంకెలు పూర్తిగా పోలేదు. పక్కనుంచి వెలుగు పడితే కనిపిస్తున్నాయి. సున్నా, తొమ్మిది."

"అమ్మా..."

"ఎప్పుడొచ్చింది?"

"రెండు నెలలైంది. బండి ఒక్కటే వచ్చిందమ్మా. ఒట్టు. అమ్మినవాడికి మనిషి సంగతేమీ తెలీదు. కనపడ్డ ప్రతివాణ్ణీ అడిగాను. నీకు చెప్తే నువ్వేమైపోతావోనని..."

"నువ్వు తిప్పేసిన పేజీలో ఉంది కదూ?"

"ఉంది."

"బయట జీపు ఆగింది."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళి పడుకో. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను. ఏదో ఒకటి చెప్పి నేను చూసుకుంటా."

"నంబరు లేని ముక్క కనిపిస్తే నిన్ను తీసుకుపోతారన్నావుగా. పెన్ను ఇలా ఇయ్యి. వాడి నంబరు నేను రాస్తాను."