కళ్ళు మూసుకుని కరాటే

హలో… ఆఁ, నేనేనండీ మాస్టారూ, పొట్టిదాని అమ్మని… నిజమే, చాలాసార్లు ఫోను కొట్టాను. క్లాసులో ఉంటారని తెలుసు. తెలిసే కొట్టాను. ఏం చెయ్యను, చెయ్యి ఊరుకోదు.

లేదు లేదు, కాలికేం కాలేదు. కట్టు విప్పేశారు. డాక్టరుగారు నడిపించి చూశారు, వంచి చూశారు… ఆఁ, ఇంక గెంతినా పరవాలేదన్నారు. ఆయనకేం, ఆయన మోకాలా అది?

అసలు విషయం… కోప్పడకండి. రేపట్నుంచి అది కరాటేకి రాదు.

…

మాన్పించేస్తున్నాను. అంతే.

…దానికింకా చెప్పలేదు. నేనే అనుకున్నాను.

ఎందుకంటే— మీరేగా చెప్పింది! కాలు కదపకూడదు కాబట్టి ఇంట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, కాటా, అదే మీ గుద్దులూ తన్నుల వరస, మొత్తం మనసులో వెయ్యమని. ఒక్క గుద్దు, ఒక్క తన్ను వదలకుండా, ఊపిరితో సహా. అయ్యాక ఎక్కడ తప్పిందో నెమ్మదిగా ఆలోచించుకోమని… ఆఁ, అదే. అదే మా ప్రాణం తీస్తోంది.

మొదటిరోజు నేను షాపు నుంచి వచ్చేసరికి గోడకెదురుగా కుర్చీలో బిగుసుకుని ఉంది. పిలిస్తే పలకదు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను… నవ్వకండి మాస్టారూ! ఊపిరి అంత నెమ్మదిగా తీస్తుంటే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? …ఏం చేస్తుంది, తుమ్మింది. తుమ్మి, 'నీవల్ల మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలమ్మా' అని నామీద విరుచుకుపడింది.

వాళ్ళ నాన్నా? 'కుదురుగా కూర్చుంటోంది, సంతోషించు' అంటారు. ఇల్లు కూలుతున్నా దిండు సర్దుకుని పక్కకి తిరిగే మనిషి.

ఇప్పుడా? లోపలే ఉంది. తలుపు దగ్గరగా వేసుకుంది… సందులోంచి కనిపిస్తోంది లెండి. వేళ్ళు కదులుతున్నాయి. భుజం కొంచెం లేచింది… ఇదిగో, ఎడమవైపు. చూసీ చూసీ నాకూ వచ్చేసింది మీ కాటా.

…ఆగింది. అదిగో! ఎప్పుడూ అక్కడే. గిర్రున తిరిగి కాలు విసిరే చోటు— ఆ రోజు పడింది అక్కడేగా. అక్కడికి రాగానే కళ్ళు తెరిచేస్తుంది. ముఖమంతా చెమట. తుడుచుకుంటుంది, మళ్ళీ మొదటికి పోతుంది. కట్టు విప్పాక కూడా కుర్చీ దిగదు. అడిగితే, 'మనసులో ఒక్కసారి పడకుండా దాటనీ, అప్పుడు దిగుతా' అంటుంది.

కాలు ఒక్కసారే పడింది మాస్టారూ. మనసు రోజూ పడుతోంది. ఎందుకండీ పిల్లకి ఈ శిక్ష?

…ఏమిటి?

మొదటికి రమ్మని మీరు చెప్పలేదా?

…తప్పినా ఆగకుండా చివరిదాకా పోవాలా? పడితే పడ్డట్టే, లేచి మిగతాది వెయ్యాలా? మరి ఇదేమిటి ఇన్నాళ్ళూ… ఉండండి. ఏమేవ్, పొట్టీ! మాస్టారు అంటున్నారు, మొదటికి రానక్కర్లేదట! తప్పినా ఆపకూడదట! పడ్డా సరే, లేచి ముందుకే పోవాలట!

…నావైపు చూసి మళ్ళీ గోడవైపు తిరిగింది. దాని మొండితనం దానిది.

నాకా? నాకూ మనసులో కనిపిస్తుందా అనా? నాకెందుకండీ ఇవన్నీ…

కళ్ళు ముయ్యక్కర్లేదు నాకు. పొద్దున బట్టల షాపులో నిలబడతానా, జనం చొక్కాల మడతలు విప్పి పడేస్తుంటారు, నేను మడతపెడుతుంటాను. చేతుల పని చేతులది. నేను మాత్రం అక్కడ ఉండను. కళ్ళముందు పొట్టిది మీ క్లాసులో తిరుగుతుంటుంది, కాలు మెలిపడుతుంది. లేదంటే రోడ్డు దాటుతూ పడుతుంది, స్నానాల గదిలో జారుతుంది, మేడమెట్ల మీంచి దొర్లుతుంది. ఒకటి అయ్యాక ఒకటి. సాయంత్రానికి ఒళ్ళు పులిసిపోతుంది. చొక్కాల బరువు కాదండీ అది.

పడ్డాకా?

పడ్డాక ఏముంది… పడుతుంది, అంతే.

…లేదు. లేవగా ఎప్పుడూ చూడలేదు. అక్కడికి రాగానే తల విదిలించుకుని ఇంకో చొక్కా అందుకుంటాను.

…

ఆఁ… అవును. దానిలాగే.

నిజంగా లేచిందా ఆ రోజు? ఎవరూ పట్టుకోకుండానే? …నేనొచ్చేసరికి బల్ల మీద పడుకోబెట్టారు, నాకేం తెలుసు. నాకదే గుర్తు, ఆ బల్లే.

ఇప్పుడా? నేనా? అది లేచేదాకా నేనూ మనసులో చూడాలా? కాళ్ళు పీకేస్తున్నాయి మాస్టారూ, ఇంకా మొహం కూడా కడుక్కోలేదు… సరే. కూర్చున్నాను. తలుపు పక్కనే, ఉతకాల్సిన బట్టల మూట మీద. కళ్ళు మూశాను.

…తిరుగుతోంది.

…పడింది.

…ఆఁ, ఉన్నాను. వదిలెయ్యలేదు. అరచెయ్యి నేలకి ఆనించింది. పెదవి కొరుక్కుంటోంది, దానికా అలవాటుంది. …అబ్బ, నావల్ల కావట్లేదండీ. ఎంత లేపుదామన్నా లేవదు. మీకు చెప్పడం తేలికే, మీరు రోజూ—

ఆ చప్పుడేమిటి?

విన్నారా? లోపల్నుంచే. కుర్చీ కాదండీ, మనిషి పడ్డ చప్పుడు! పొట్టీ! ఏమైందే?

…'రాకమ్మా' అంటోంది. 'నువ్వు రాకు, నేను లేస్తా' అంటోంది. కుర్చీ దిగి నిజంగానే తిరిగిందండీ…

నా చెయ్యి తలుపు మీదే ఉంది. ఆగమనకండి. నన్ను ఆగమనకండి మాస్టారూ…

…ఆగాను.

ఊపిరి వినిపిస్తోంది. సందులోంచి చూస్తున్నాను. మోచెయ్యి ఆనించింది… గోడ పట్టుకోవట్లేదు. మోకాలు… అయ్యో, ఆ మోకాలే ముందు పెట్టింది. పెదవి కొరుక్కోవట్లేదు, నోరు తెరిచి ఊపిరి వదులుతోంది…

…

లేచింది.

లేచిందండీ. …లేదు, నేను ముట్టుకోలేదు. దానంతట అదే.

ఏడవట్లేదు. …నేనా? నా సంగతి వదిలెయ్యండి.

రేపా? మాన్పించడమా… ఏమోనండీ, నన్నిప్పుడేమీ అడక్కండి, నా ఒంట్లో ఓపిక లేదు. ఆపకుండా ముందుకే వేస్తోంది అది. ఇటు తిరిగింది… మళ్ళీ కాలెత్తుతోంది. మీ కాటాలో ఆ తిరుగుడు ఒక్కసారే అనుకున్నానే! రెండోది కూడా ఉందా? ఇన్నాళ్ళూ అక్కడిదాకా రానేలేదు కదండీ, నాకెలా తెలుస్తుంది…

పెట్టేస్తున్నాను మాస్టారూ. పట్టుకోనండీ, ఒట్టు, పట్టుకోను. కానీ రెండు చేతులూ ఖాళీగా ఉండనివ్వండి నాకు—