పసుపు కలిపిన పిండి

కూతురు పోయి ఏడాదైంది. మణుగూరు క్వార్టర్‌లో ఆ భార్యాభర్తలు మళ్లీ చెరువు మాట ఎత్తింది ఆ శనివారం సాయంత్రమే.

"ఎర్రలు తవ్వినవా?"

"అవ్, బోరింగ్ కాడ తవ్విన. డబ్బా నిండ ఉన్నయ్. రేపు జల్దీ లేవాలె, ఎండెక్కితే చేప గాలం ముట్టదు."

"సద్దికి పులిహోర కడత."

"గా గిన్నెల ఏంది?"

"గోధుమపిండి. ఎరకని పసుపేసి కలిపిన."

"మనిద్దరికి ఎర్రలు చాలు గదనే. పిండెవరికి?"

"అఖిల ఎర్రల్ని ముట్టకపోయేది గద. ఎప్పటి లెక్కనే కలిపేసిన. ముద్ద చేసినంక యాదికొచ్చింది. పారేస్తలే."

"పారేయకు. నేను గూడ మూడు గాలాలు కట్టిన. నువ్వు సూస్తవని దాని గాలం తలుపెనక దాసిన."