ఎబెన్ రాయని పరీక్ష

పెర్త్‌లో పోకర్ పోటీ. యూనివర్సిటీ కుర్రాడు ఎబెన్‌కి ఏ అదృష్టమో గానీ, పేరుమోసిన ఆటగత్తె శ్యామసుందరి పక్క కుర్చీ దొరికింది. ఉండబట్టలేక ఆట మధ్యలోనే తెలుగులో పలకరించాడు.

“ష్! తెలుగొద్దు. ఆట అవనీ.”

“సారీ మేడం.”

“ఆఁ, అయింది. ఇప్పుడు చెప్పు. చేతిలో ముక్కలుండగా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడితే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. ఇక్కడి రూలది.”

“తెలీదు మేడం. మిమ్మల్ని చూసిన సంబరంలో నోరు జారింది. మీ ఆటల వీడియోలు ఒక్కటి కూడా వదల్లేదు నేను.”

“మేడమేంటి, ఆంటీ అను. ఏ ఊరు మీది?”

“తెనాలండీ. ఇక్కడ కానింగ్ వేల్‌లో రూమ్. యూనిలో మాస్టర్స్ చేస్తున్నా.”

“మాది మంగళగిరిలే. సిడ్నీ వచ్చి ముప్పయ్యేళ్ళు. బాగానే ఆడుతున్నావు గానీ, జేబులో ఫోన్ కొట్టుకున్నప్పుడల్లా మంచి ముక్కలు కూడా పారేస్తున్నావు. ఎవరు?”

“ఎవరూ లేరాంటీ.”

“గర్ల్‌ఫ్రెండా?”

“అబ్బే!”

“మరి?”

“అమ్మ.”

“ఇందాక బ్రేక్‌లో కూడా ఎత్తలేదు నువ్వు.”

“ఎత్తితే… మాట్లాడాలి కదాంటీ.”

“అమ్మతో మాట్లాడ్డానికేం రోగం?”

“పన్నెండింటికి పరీక్షని చెప్పాను.”

“ఓరి నీ! ఐదు దాటింది కదయ్యా.”

“గంటలో ఓడిపోయి లేస్తాననుకున్నా. యూని పోకర్ క్లబ్‌లో గెలిస్తే ఈ సీటు ఫ్రీగా ఇచ్చారు. మీరు కూడా వస్తున్నారన్నారు. మనసాగలేదు. పేకంటే అమ్మకి మా నాన్నే… వద్దులెండి.”

“వద్దులెండేంటి, చెప్పు.”

“అది కాదాంటీ… నాకు పరీక్షంటే అమ్మ ఉపవాస ప్రార్థనలో కూర్చుంటుంది. నేను హాల్లోంచి బయటికొచ్చి ఫోన్ చేసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. అసలే షుగర్ మనిషి.”

“షుగరా! అయిపోయిందని ఒక్క మాట చెప్పి చావకపోయావా?”

“చెబితే ప్రార్థన చెయ్యమంటుందాంటీ. ప్రతి పరీక్షకీ అంతే. ఫోన్లో నేనే కృతజ్ఞతా ప్రార్థన చెయ్యాలి, తను ఆమెన్ అనాలి, అప్పుడు గానీ కంచం ముందు కూర్చోదు. అమ్మకంటే అబద్ధం చెప్పేశాను. దేవుడికెలా చెప్పను?”

“ఓహో! దేవుడంటే సిగ్గు, అమ్మ ఆకలంటే లేదన్నమాట.”

“అలా అనకండాంటీ. తల కొట్టేసినట్టుంది.”

“అనక? ముద్దు పెట్టుకోమంటావా? నా ఆట చూసి నేర్చుకున్నావు సరే, ఈ పాపం కూడా నా పద్దులోకే వచ్చేట్టుంది. అదుగో, డిన్నర్ బ్రేక్ ఇచ్చారు. నా ముందే చెయ్యి.”

“బయటికెళ్ళి చేస్తానాంటీ.”

“బయటికెళ్తే చెయ్యవు. తియ్యవయ్యా ఫోన్!”

“ఏమని మొదలుపెట్టనాంటీ?”

“అమ్మా అని.”

“… హలో, అమ్మా?”

“నాన్నా ఎబెన్!”

“అమ్మా, పరీక్ష… అదే… ముందు నువ్వు అన్నం తినమ్మా. ప్రార్థన తర్వాత చేద్దాం.”

“మళ్ళీ వెళ్ళి కూర్చోవాలా?”

“ఎక్కడమ్మా?”

“ఆ కళ్ళజోడావిడ పక్కన. ఆవిడ పెద్ద ఆటగత్తెటగా, మీ బల్లని ఫోన్లో లైవ్ చూపిస్తున్నారు. చెల్లి చూసి నాకు పెట్టింది. అప్పట్నించీ తినకుండా చూస్తూనే ఉన్నా.”

“అమ్మా… తప్పయిపోయిందమ్మా. నీ మొహం ఎలా చూడను? మరి పరీక్ష లేదని తెలిశాక కూడా ఉపవాసమెందుకమ్మా?”

“పరీక్షయితే ఈపాటికి తినేసేదాన్ని నాన్నా. మీ నాన్న కూడా ఇలాగే భోజనానికి లేచి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. నువ్వు గదికి చేరేదాకా నేను తినను.”