సుమియే కొట్లో నడిమి కుర్చీ

నగోయాలో సుమియే గారి కాఫీ కొట్లో, రెండు పెద్ద స్పీకర్లకీ సరిగ్గా నడిమధ్య ఒకే ఒక్క కుర్చీ ఉంటుంది. ఊళ్లో ఎవరి చెవి గొప్పదో వాళ్లదే ఆ కుర్చీ. పదకొండేళ్లుగా అది రైల్వేలో రిటైరైన కురమోచి గారిది. ఆ ఉదయం, పియానోలు శ్రుతి చేసే యాగి వచ్చి ఆ కుర్చీ నాకు కావాలన్నాడు. దాంతో సుమియే గారు పందెం పెట్టారు. "ఒకటే పాట. మధ్యమధ్యలో లాస్‌లెస్ నుంచి ఎంపీత్రీకి, ఎంపీత్రీ నుంచి లాస్‌లెస్‌కి మారుస్తుంటాను. మారిందని తెలియగానే చెయ్యెత్తాలి. ఎవరెక్కువసార్లు పట్టుకుంటే వాళ్లదే కుర్చీ."

కురమోచి గారు కుర్చీలో వెనక్కి వాలి, కాఫీతో ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు వలవడం మొదలుపెట్టారు.

"పెట్టమ్మా పెట్టు! నోటి పని నోటిది, చెవి పని చెవిది. యాగి బాబూ, ఎంపీత్రీ అంటే ఏంటనుకున్నావు? పాట బరువు తగ్గించడానికి, ఇవి మనిషికి వినపడవులే అని కొన్ని శబ్దాలు కోసి పారేస్తారు. లాస్‌లెస్‌లో గింజ కూడా పోదు. ఓసారి మా అల్లుడు కార్లో పాట పెట్టాడు. 'ఒరే, డ్రమ్స్ వాయించేవాడి ఎడం చెయ్యి ఏదిరా?' అన్నా. తీరా చూస్తే ఎంపీత్రీ!"

యాగి చెయ్యెత్తాడు.

"దించు, దించు, అనుమానాలు తర్వాత. పక్కింటి వాళ్ల బట్టలుతికే మెషీన్ గోల కరెంటు తీగల్లోంచి నా పాటలోకి వస్తోందని, నా ఒక్కడికే సొంత కరెంటు స్తంభం వేయించుకున్నానా?"

"అది మాత్రం నిజమే," అన్నారు సుమియే గారు. ఆ స్తంభం మేమంతా చూశాం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు నీళ్లదో బొగ్గుదో పాట వింటే తెలిసిపోయేది. బొగ్గుదైతే పాడే ఆవిడకి ఒకటే దగ్గు! మళ్లీ ఎత్తావేంటయ్యా చెయ్యి? బళ్లో ఉన్నామా? విను. ఓ లాస్‌లెస్ పాటలో వయొలిన్ ఆయన కడుపు గుర్రుమంది. పాపం, అన్నం తినకుండా వాయించాడు. ప్రాణం ఉసూరుమంది నాకు. పొగలు కక్కే ఈలు చేప అన్నం డబ్బా ఒకటి పంపించా. మర్నాడు అదే పాట పెడితే ఏమైందో తెలుసా? కడుపు చప్పుడు లేదు! ఆఖర్న చిన్న త్రేన్పు!"

కాఫీ పొలమారి నేను బల్లంతా తడిపేశాను. యాగి మాత్రం నవ్వుతూనే చెయ్యెత్తాడు.

"నీకు నమ్మకం లేదు, సరే. మరి కోసి పారేసిన ఆ శబ్దాలన్నీ ఎక్కడికి పోతాయి? మా స్తంభం కిందకే! చీపురుతో ఊడ్చి మూడు గోనెసంచులకెత్తా. అందులో ఏం దొరికిందనుకున్నావు? ఆ డ్రమ్స్ వాడి ఎడం చెయ్యి! పోస్టులో పంపిస్తే ఏడ్చాడయ్యా ఆనందంతో. ఇప్పుడు రెండు చేతులా వాయిస్తున్నాడు. ఏంటి, మళ్లీనా? ఇన్ని అనుమానాలున్నవాడికి కుర్చీ ఎందుకు బాబూ?"

సుమియే గారు మెల్లగా కాఫీ కెటిల్ దించారు.

"అవి అనుమానాలు కావు కురమోచి గారూ. పాట మూడుసార్లు మారింది, మూడుసార్లూ ఎత్తాడు. నాలుగోసారి ఎత్తింది పాట ఆపేసినందుకు. మీరు గోనెసంచులకెత్తుతున్నప్పుడే ఆపేశాను."

కొట్లో నవ్వులు మిన్నంటాయి. కురమోచి గారు స్పీకర్ల వంక చూశారు, యాగి వంక చూశారు. సగం గుడ్డు నోట్లో వేసుకుని లేచి, కుర్చీని చేత్తో తుడిచి మరీ యాగిని కూర్చోబెట్టి, తాను పోయి గోడ పక్క స్టూలెక్కారు.

సుమియే గారు పాట మళ్లీ పెట్టారు. కాసేపటికి ఆ మూల నుంచి కురమోచి గారు తొలిసారిగా చెయ్యెత్తారు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం.

ఇంకో గుడ్డు కావాలట.